హోల్డ్ అంటే పట్టు

ఫిబ్రవరి 3, మంగళవారం

నా తప్పేమీ లేదు. ముందుగా ఇది రాసుకోవాలి. చీటీలో ఏముందో అదే చేశాను.

పొద్దున ఏడున్నరకి టైపు మాస్టారికి షుగర్ మాత్ర ఇచ్చాను. పదకొండింటికి ఆయన్ని అంబులెన్సు ఎక్కించారు.

ఫిబ్రవరి 4

ఆయనకి తెలివి వచ్చిందట. హమ్మయ్య.

ఇరవయ్యో తేదీన ఎంక్వయిరీ. జరిగింది జరిగినట్టు రాసుకుని రమ్మన్నారు మేనేజరు సార్. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మేడమెట్ల మీద కూర్చుని ఇక్కడే ఒకసారి రాసి చూసుకుంటున్నాను. తప్పులుంటే దిద్దుకోవచ్చు.

నేను ఈ వృద్ధుల హోమ్‌లో పదకొండేళ్లుగా ఆయాను. రెండో అంతస్తు, పదహారు మంచాలు. స్నానాలు, పక్కలు, తినిపించడం, నడిపించడం నా పని. మాత్రలు ఇవ్వాల్సింది సిస్టర్. అయితే రెండు అంతస్తులకీ కలిపి ఉన్నది ఒక్క చిన్న సిస్టరే. ఆవిడ మాత్రలు డబ్బాల్లో సర్ది, ఏదైనా మార్పుంటే పైన పసుపు చీటీ అంటించి వెళ్తుంది. మేం ఇస్తాం. ఈ సంగతి మేనేజరు సార్‌కి తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఆయనకి బాగా తెలుసు.

ఏడో నంబరు గదిలో టైపు మాస్టారు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఇప్పటికీ మాట్లాడేటప్పుడు వేళ్లు దుప్పటి మీద టకటకలాడుతుంటాయి. టైము ప్రకారం లేపుతాను, కడుగుతాను, తినిపిస్తాను కాబట్టి నన్ను గవర్నమెంటు అని పిలుస్తారు. సోమవారం నుంచి ఆయనకి వాంతులు. మంగళవారం పొద్దున జావ వద్దన్నారు. మాత్ర కూడా వద్దన్నారు. "గవర్నమెంటూ, ఇవాళ సెలవు ప్రకటించెయ్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. బతిమాలి, కసిరి, గడ్డం పట్టుకుని మాత్ర వేసి నీళ్లు పట్టాను. పదిన్నరకి వెళ్లి చూస్తే ఒళ్లంతా చెమటలు, మాట ముద్దముద్దగా వస్తోంది. సిస్టర్ కోసం పరిగెత్తి వచ్చేలోపు మంచం మీంచి కింద పడిపోయారు. తుంటికి దెబ్బ తగిలింది, ఎముక విరగలేదు. తిండి లేకుండా ఆ మాత్ర పడితే షుగర్ అమాంతం పడిపోతుందట.

ఇంతవరకూ బాగానే వచ్చింది. డబ్బా మీద చీటీ ఏదీ చూడలేదు అని కూడా రాయాలి.

రాశాను. ఉండనీ.

ఫిబ్రవరి 5

చిన్న సిస్టర్ చీటీ అంటించానంటోంది. డాక్టరు గారు ఫోనులో చెప్పగానే రాసి అంటించిందట. డబ్బా మీద చీటీ లేదు. చెత్తబుట్ట బోర్లించి వెతికారు, అందులోనూ లేదు. నన్ను అడిగారు. ఎక్కడుందో నాకు తెలీదన్నాను.

అది అబద్ధం కాదు. అడిగిన నిమిషంలో అది యూనిఫాం జేబులో ఉందో, సంచిలో ఉందో నాకు నిజంగానే తెలీదు.

ఫిబ్రవరి 6

సరే. ఈ డైరీ చదివేది నేనొక్కదాన్నే. నా దగ్గర కూడా నాటకాలెందుకు?

చీటీ ఈ డైరీలోనే ఉంది, మూడో తేదీ పేజీలో. వెనక జిగురు ఇంకా ఆరలేదు. పెద్దక్షరాల్లో హోల్డ్ అని ఉంది. కింద షుగర్ మాత్ర పేరు, ఉదయం అని. అంతే.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంగ్లీషు చదవగలవా అని అడిగారు. భేషుగ్గా అన్నాను. అక్షరాలు కూడబలుక్కుంటాను. అర్థం కోసం సంచిలో సబ్బుబిళ్లంత డిక్షనరీ ఉంటుంది. అవసరమైతే బాత్రూములో గడియ పెట్టుకుని చూసుకుంటాను. పదకొండేళ్లూ అలాగే నెట్టుకొచ్చాను. ఒక్కరికీ అనుమానం రాలేదు. మంగళవారం కూడా అదే చేశాను. హోల్డ్ దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. పట్టు.

మాత్ర పట్టు. ఇందులో అర్థం కానిదేముంది? పిల్లలకి పాలు పడతాం, జబ్బుమనిషికి మందు పడతాం. మిగతా మాత్రలకి లేని చీటీ దీనికే అంటించిందంటే, ఈ ముసలాయన మొండికేస్తాడని తెలిసి, దగ్గరుండి పట్టమని చెప్తోందనుకున్నాను. అందుకే ఆయన వద్దంటున్నా వదల్లేదు. అంత శ్రద్ధగా చేశాను.

హోల్డ్ అంటే ఇవ్వకు, ఆపు అని నాకు తెలిసింది అంబులెన్సు వెళ్లిపోయాక. సిస్టర్ ఫోనులో డాక్టరు గారికి చెబుతోంది. "హోల్డ్ అని రాశాను సార్, ఆపమనే రాశాను." నేను తలుపు పక్కన ఉన్నాను. చెయ్యి దానంతటదే డబ్బా దగ్గరికి వెళ్లింది.

దానంతటదే వెళ్లిందట! చెయ్యి నాది కాదు మరి.

ఫిబ్రవరి 7, శనివారం

ఏడో నంబరు గది ఖాళీగా ఉంది. దుమ్ము దులిపే వంకతో మాస్టారి పెద్ద డిక్షనరీ తెరిచాను. ఇటుక కంటే బరువుంది. హోల్డ్ ఒక్కదానికే ఒక పేజీలో ముప్పాతిక భాగం! పట్టుకొను, ఉంచుకొను, ఆపు, ఇముడు, భరించు, నమ్ము, నిలుచు, జరుపు, దాచు. నాలుగక్షరాల మాటకి ఇంత సంసారమేమిటో. దీన్ని పట్టుకుని నా డిక్షనరీ వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆ డిక్షనరీని తిట్టుకుంటూ మూడు గదులు తుడిచాను. నాలుగో గదిలో చీపురు ఆగిపోయింది. పుస్తకం ఒక్క ముక్కే చెప్పింది, నిజమే. కానీ సిస్టర్ ఉన్నది పై అంతస్తులో. ఇరవై రెండు మెట్లు. ఎక్కి "ఇదేంటమ్మా?" అని అడిగితే అరనిమిషం. అడగలేదు. అడిగితే నాకు ఇంగ్లీషు రాదని తెలిసిపోతుంది.

నిర్ణయించుకున్నాను. ఎంక్వయిరీ లోపు ఈ మాటని పూర్తిగా నేర్చుకుంటాను. రోజుకి ఒక అర్థమైనా సరే. నన్ను దెబ్బతీసిన మాట ఇది, దీని అంతు చూస్తాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

హోల్డ్ ది లైన్: ఫోను పెట్టేయకుండా ఆగు.
హోల్డ్ ఎ మీటింగ్: మీటింగు జరుపు.
హోల్డ్ యువర్ బ్రెత్: ఊపిరి బిగబట్టు.

అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్నారు. మా ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను నోట్లో గొణుక్కోవడం చూసి, "ఏమే, ఈ వయసులో పరీక్షలకి కడుతున్నావా?" అన్నారు.

"ఇంగ్లీషులో ఒక్క మాటకి ఎన్ని అర్థాలో చూస్తున్నాను అత్తయ్యా. హోల్డ్ అట. పట్టు అని చదివితే ఆపు అంటారు."

"దానికంత వింతేముంది? మన పట్టు మాత్రం తక్కువ తిందా?" అని సూది గాల్లో ఆపారు. "నిద్ర పడుతుంది. చెమట పడుతుంది. ఇనుముకి తుప్పు పడుతుంది, మనిషికి పిచ్చి పడుతుంది. పనికి టైము పడుతుంది. ఇంటి దారి పడతాం, ఎదుటివాళ్లని తప్పు పడతాం. చీరంటే పట్టే, దెబ్బకి వేస్తే పట్టే. అల్లుడికి పట్టింపు, కోడలికి పట్టుదల."

"కోడలికే ఎందుకు?"

"అత్త దగ్గర నెగ్గుకు రావాలి కదే!"

ఇద్దరం నవ్వుకున్నాం. మంగళవారం తర్వాత నవ్వడం ఇదే. నవ్వు ఆగాక ఆవిడ నన్నే చూస్తూ, "నీకేదో పట్టుకుంది. నాలుగు రోజుల నుంచి ముద్ద దిగట్లేదు నీకు" అన్నారు. పని ఎక్కువగా ఉందన్నాను.

ఫిబ్రవరి 10

హోల్డ్ వాటర్: నీళ్లు నిలుపు. మాటల్లో వాడితే, వాదన నిలబడటం. డొక్కు వాదనైతే చిల్లుకుండలా కారిపోతుందన్నమాట.

నేను రాసుకున్న స్టేట్‌మెంటు మళ్లీ చదివాను. చీటీ ఏదీ చూడలేదు అన్న చోట కారుతోంది.

ఫిబ్రవరి 11

హోల్డ్ యువర్ టంగ్: నోరు మూసుకో. ఇది చేస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 12

చిన్న సిస్టర్‌ని మాత్రల గదికి రానివ్వడం లేదు. రికార్డులు రాయిస్తున్నారు. ఎంక్వయిరీలో తేలకపోతే పంపేస్తారట, వంటావిడ చెప్పింది. పంపడమే కాదు, నర్సింగు లైసెన్సు మీద కూడా మచ్చ పడుతుందట. ఇరవై నాలుగేళ్ల పిల్ల.

చిన్నది. ఇంకోచోట దొరుకుతుంది. నలభై ఎనిమిదేళ్ల ఆయాకి ఎవరిస్తారు? అత్తయ్య మోకాళ్లు పని చెయ్యవు. నా ఇల్లు నేను చూసుకోవడం తప్పా? పీత కష్టాలు పీతవి.

ఫిబ్రవరి 13

చదువు రానిదాన్ని రెండు రోజులు తిడతారు, తర్వాత మర్చిపోతారు. చీటీ దాచినదాన్ని మర్చిపోరు. ఇప్పుడు బయటపెడితే ఆ దాచినదే పెద్ద నేరమవుతుంది. కాబట్టి బయటపెట్టకపోవడమే అందరికీ మంచిది.

అందరికీ అంటే ఎవరికి?

ఫిబ్రవరి 14, శనివారం

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

మధ్యాహ్నం మేడమెట్ల మీదికి చిన్న సిస్టర్ వచ్చింది. నా పక్కన కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

"అక్కా, ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఆ రోజు పొద్దున డబ్బా మీద పసుపు చీటీ చూసిన గుర్తుందా?"

"లేదమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి.

ఆ పిల్ల తలూపింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నాకిప్పుడు నా మీదే అనుమానంగా ఉందక్కా. రాసిన గుర్తుంది, అంటించిన గుర్తుంది. పెన్ను సరిగ్గా పడకపోతే డి అక్షరం రెండుసార్లు దిద్దాను కూడా. కానీ లేదు కదా! అందరూ లేదంటున్నారు. మీరూ లేదంటున్నారు, మీరు అబద్ధం చెప్పరు. అంటే నేను మనసులోనే అంటించానేమో. నిన్న పై అంతస్తులో ఒకావిడకి బీపీ చూశాను. రాశానా లేదా అని నాలుగుసార్లు వెనక్కి వెళ్లి చూసుకున్నాను. ఇలాగైతే నేను ఈ పనికి పనికిరానక్కా. వాళ్లు పంపక ముందే నేనే మానేస్తాను."

ఇంటికి రాగానే మూడో తేదీ పేజీ తీసి చూశాను. డి రెండుసార్లు దిద్ది ఉంది.

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందని మొన్న రాశాను. ఆ పిల్ల తన కళ్లని తనే నమ్మలేని స్థితికి వచ్చింది. అది పోగొట్టింది నేను. అది ఇంకోచోట దొరకదు.

ఛీ నా బతుకు.

ఫిబ్రవరి 15

అత్తయ్యకి అంతా చెప్పాను. చీటీ కూడా చూపించాను. ఆవిడ దాన్ని తిరగేసి మరగేసి చూశారు. చదవడం రాదు.

"ఇంత ముక్కకి ఇన్నాళ్లు బువ్వ మానేశావా?" అన్నారు. చీటీ తిరిగి నా చేతిలో పెట్టారు. "పట్టు తెలిస్తే చాలదే, విడుపు కూడా తెలియాలి. దాన్ని వదిలెయ్" అన్నారు.

"ఉద్యోగం పోతే?"

"నాకు కాళ్లు లేవు గానీ చేతులున్నాయి. గుండీలు కుడతాను."

ఫిబ్రవరి 16

పాత స్టేట్‌మెంటు కొట్టేశాను. కొత్తది రాశాను. ఎనిమిది వాక్యాలు. చిల్లులేదు.

ఫిబ్రవరి 18, బుధవారం

టైపు మాస్టారు తిరిగొచ్చారు. సన్నబడ్డారు. నడవాలంటే పక్కన మనిషి కావాలి. ఎంక్వయిరీలో చెప్పే ముందు ఆయనకి చెప్పాలనుకున్నాను. ప్రాణం మీదికి వచ్చింది ఆయనకి కదా.

పక్క సర్దుతూ చెప్పలేదు. చేతులు కట్టుకుని మంచం ముందు నిలబడి చెప్పాను. చీటీ, డిక్షనరీ, పట్టు, దాచడం, అన్నీ. మొదట్లో ఆయన పెదవి చివర నవ్వులాంటిది వచ్చింది, మాత్ర పట్టు అన్న చోట. దాచానన్న చోట పోయింది.

"తప్పు చదివావు. సరే. నా ఇన్‌స్టిట్యూట్‌లో తప్పు కొట్టని వేలు నేను చూళ్లేదు" అన్నారు మెల్లగా. "తప్పు కొట్టి, కాగితం ఉండచుట్టి పక్కవాడి బల్ల కింద పడేసేవాళ్లుండేవారు కొందరు. వాళ్లని మాత్రం మళ్లీ మెట్లెక్కనిచ్చేవాణ్ణి కాదు."

"మాస్టారూ..."

"వెళ్లు. ఇంకో ఆయాని పంపించు."

గోడవైపు తిరిగిపోయారు. వేళ్లు దుప్పటి మీద కదల్లేదు. నేను వెళ్లి ఇంకో ఆయాని పంపించాను. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇంకా రెండు రోజులుంది. వెనక్కి తగ్గను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

అయిపోయింది.

ఆఫీసు గదిలో మేనేజరు సార్, డాక్టరు గారు, చిన్న సిస్టర్, నేను. ముందు సిస్టర్‌ని అడిగారు. ఆ పిల్ల లేచి, "బహుశా నేనే అంటించలేదేమో సార్" అని మొదలుపెట్టింది. నేను ఆగలేకపోయాను. పిలవకుండానే లేచి చీటీ బల్ల మీద పెట్టాను.

"అంటించింది సార్. ఇదిగో. డి రెండుసార్లు దిద్ది ఉంటుంది, చూడండి."

సిస్టర్ చీటీ వైపు చూసింది, నా వైపు చూసింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పుడు ఏడ్చింది.

నేను ఎనిమిది వాక్యాలూ చదివాను.

డాక్టరు గారు కళ్లజోడు తీసి, "హోల్డ్ అంటే ఆపమని కూడా తెలీదా అమ్మా?" అన్నారు.

"తెలీదు సార్. పదకొండేళ్లుగా తెలీదు. వచ్చని చెప్పి చేరాను."

మేనేజరు సార్‌కి కోపం వచ్చింది. "ఇంత చిన్న మాట! చిన్నపిల్లాడు కూడా చెప్తాడు."

"హోల్డ్ అంటే తెలుగులో ఏంటి సార్?" అన్నాను.

"ఏముంది, పట్టు... పట్టుకో."

"మాత్ర పట్టు అంటే?"

డాక్టరు గారు కిటికీ వైపు తిరిగారు, భుజాలు కదిలాయి. దగ్గో, నవ్వో తెలీదు.

"ఇది నా తప్పుకి సాకు కాదు సార్. అనుమానం వచ్చినప్పుడు అడగలేదు, అది నా పొగరు. చీటీ దాచాను, అది ఏ భాషలోనైనా తప్పే. కానీ రేపు నా జాగాలో ఇంకొకామె వస్తుంది. ఆమె సంచిలో కూడా చిన్న డిక్షనరీయే ఉంటుంది. చీటీలు తెలుగులో రాయించండి."

బయట కూర్చోబెట్టారు. గంట తర్వాత సార్ వచ్చి, "సిస్టర్ తప్పేం లేదని రాసేశాం. నీ విషయం మాత్రం హోల్డ్‌లో పెట్టాం" అన్నారు.

అన్నాక ఆయనకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. "అంటే..." అని ఆగారు.

"తెలుసు సార్" అన్నాను.

ఫిబ్రవరి 21

ఇంట్లో. హోల్డ్.

ఫిబ్రవరి 22

హోల్డ్.

అత్తయ్య నాకు గుండీలు కుట్టడం నేర్పుతున్నారు. సూది మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. "ఇదీ పట్టే, మెల్లగా అలవాటవుతుంది" అన్నారు.

ఫిబ్రవరి 25

పెద్ద డిక్షనరీ అక్కడే ఉండిపోయింది. గుర్తున్నవి రాసుకున్నాను. పద్దెనిమిది వచ్చాయి. ఇంకా ఉన్నాయి. ఉద్యోగం ఉన్నా పోయినా అన్నీ నేర్చుకుంటాను. ఈసారి బాత్రూములో గడియ పెట్టుకుని కాదు.

ఫిబ్రవరి 28

చిన్న సిస్టర్ ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీ మీద కోపం ఇంకా పోలేదక్కా" అంది గుమ్మంలోనే. "అబద్ధం చెప్పడం నాకు రాదు కాబట్టి చెప్తున్నాను. పదిహేను రోజులు నాకు మతి పోయిందనుకున్నాను."

"పోవద్దు లేమ్మా ఆ కోపం. ఉండాలి" అన్నాను.

తర్వాత సంచిలోంచి కవరు తీసి ఇచ్చింది. ఆఫీసు ఉత్తరం. మూడో తేదీ నుంచి పనిలోకి రావచ్చు. ఆరు నెలలు మాత్రల డబ్బాలు ముట్టుకోకూడదు. స్నానాలు, పక్కలు, నడిపించడం మాత్రమే. కవరులో ఒక కొత్త పసుపు చీటీ కూడా ఉంది, ఖాళీగా లేదు. అచ్చు వేయించారు. తెలుగులో. ఈ మాత్ర ఇవ్వకండి, అనుమానముంటే అడగండి.

"సార్ పట్టకండి అని వేయిద్దామన్నారు. డాక్టరు గారు వద్దన్నారు" అంది. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ పిల్ల త్వరగానే ఆపేసుకుంది, అయినా నవ్వింది.

మార్చి 3, మంగళవారం

సరిగ్గా నెల.

పొద్దున బోర్డు మీద డ్యూటీ చూశాను. ఏడో నంబరు గది, నడక, పది నిమిషాలు. నా పేరు ఎదురుగా. రాసినవాళ్లకి తెలియక రాశారేమో అనుకున్నాను. ఇంకో ఆయాని అడిగితే, "నేను వెళ్తే పొమ్మన్నారు, నువ్వే వెళ్లు" అంది.

ఏడున్నరకి తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టలేదు. మాస్టారు మంచం అంచున కూర్చుని ఉన్నారు, చెప్పులు వేసుకుని. దుప్పటి మీద కుడిచేతి వేలు ఒక్కటే కదిలింది, నాలుగుసార్లు. నాలుగక్షరాలు.

"రెండు నిమిషాలు లేటు, గవర్నమెంటూ" అన్నారు.

"రావచ్చో రాకూడదో తెలియక..."

ఆయన చెయ్యి ముందుకు చాపారు. ఎముకలు తేలిన చెయ్యి, గాల్లో సన్నగా ఊగుతోంది.

"హోల్డ్" అన్నారు.

నేను కదల్లేదు. తెలిసిన మాటే, కానీ ఇక తెలుసనుకుని ఏ పనీ చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను. అడిగాను.

"ఏ హోల్డు మాస్టారూ?"

"నువ్వు మొదట చదివిందే."

పట్టుకున్నాను.